చుక్క ఎక్కణ్ణించి పడింది?

మా వీధిలో రెండిళ్ల అవతల ఉండే సుగుణకు బస్సు డిపో వర్క్‌షాపులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. నేను ఐదేళ్లు కూర్చుని, కడుపుతో ఏడో నెలలో వదిలేసి వచ్చిన కుర్చీయే అది. మొన్న ఆదివారం మా ఇంటికి వచ్చి, "అక్కా, ఆడ పనేముంటది?" అని అడిగింది. "ఏముంటది, డ్రైవర్లు చెప్పింది రాసుడే," అన్నాను. సంబరంగా వెళ్లిపోయింది. ఆమె గుమ్మం దాటకముందే నేను చెప్పింది అబద్ధమని నాకు తెలుసు.

పాప నిద్రపోయాక కూర్చుని ఇది రాస్తున్నాను. ఇరవై ఏడేళ్లకే రిటైరైన మనిషి అనుభవాలు రాయడమేమిటని మా ఆయన నవ్వారు. నవ్వనీ. జీతం, సెలవులు, ఎవరికి ఎప్పుడు దరఖాస్తు పెట్టాలి, ఇవన్నీ సుగుణకు ఎవరైనా చెబుతారు. నేను చెప్పవలసింది నూనె సంగతి.

పని

సాయంత్రం బస్సులు డిపోకు తిరిగొస్తాయి. డ్రైవర్లు ఒకరి వెనక ఒకరు మన కిటికీ దగ్గరికొచ్చి బండికి ఏమైందో చెబుతారు. మనం రాస్తాం. పొద్దున ఆ రాతను చూసి ఫోర్మన్ నిర్ణయిస్తాడు: ఈ బండి రోడ్డు మీదికి, ఈ బండి గుంత మీదికి. గుంత అంటే మెకానిక్ కిందికి దిగి నిలబడి ఇంజను అడుగు చూసే సిమెంటు గుంత. ఉన్న బస్సులు తక్కువ. ఒక బండిని ఆపితే ఏదో ఒక స్టాపులో జనం ఎండలో నిలబడతారు. ఆపకపోతే ఏమవుతుందో ఒక్కోసారి ఎవరికీ తెలియదు. ఈ రెంటి మధ్య రోజూ నలిగే ఫిర్యాదు ఒకటుంది: ఇంజను నూనె కొద్దిగా కారుతోంది.

విరిగిన స్ప్రింగు గురించి ఎవరూ తర్జనభర్జన పడరు. కొద్దిగా కారే నూనె గురించే పడతారు. పాత ఇంజన్లలో అది లేని బండి ఉండదు.

మా ఫోర్మన్ ఖాజా సాబు నవ్వేవారు. "ముసలి ఇంజనుకు చెమట పట్టదా బేటీ? నాకు పడ్తలేదా?"

ఖాజా సాబు అట్టలు

ఖాజా సాబుకు ఒక అలవాటుండేది. టైర్లకు చుట్టి వచ్చే మందపు అట్టలను చతురస్రంగా కోయించి, ప్రతి బస్సుకు ఒకటి కేటాయించారు. రాత్రి నిలబెట్టే ముందు దాన్ని ఇంజను కింద పరిచేవాళ్లు. అట్టకు ఒక మూల కత్తిరించి ఉండేది. ఆ మూల ఎప్పుడూ బండి ముందువైపుకు ఉండాలి. పొద్దున్నే ఆయన గొంతుక్కూర్చుని, రాలిన చుక్కల చుట్టూ పెన్సిలుతో గీత గీసి, పక్కన ఉర్దూలో తారీఖు వేసేవారు. ఏ చుక్క పాతది, ఏది కొత్తది, ఏది పక్కకు జరిగింది, అంతా ఆ అట్ట మీదే.

చేరిన కొత్తలో నేను అట్ట చూసి, "ఎక్కువే పడిందండీ," అన్నాను.

"అందరూ ఎంత పడ్డదని అడుగుతరు," అన్నారాయన. "నువ్వు యాడికెళ్లి పడ్డదని అడుగు."

యాడికెళ్లి అంటే ఎక్కణ్ణించి అని. ఆయన లెక్క ఇది. చాంబరు అంచు నుంచి, అంటే ఇంజను అడుగున నూనె నిలిచే తొట్టె అంచు నుంచి కారితే, బోల్టులు బిగించి, తగ్గిన నూనె పోసి పంపించు. అది ఏళ్లతరబడి అలాగే కారుతుంది. పైపు అతుకు దగ్గర కారితే ఈ రోజే చెయ్యి. ఇంజను వెనక, క్లచ్ ఉండే డబ్బా అడుగున ఒక చిన్న రంధ్రం ఉంటుంది. అక్కణ్ణించి ఒక్క చుక్క పడ్డా బండిని కదలనీయకు. నూనె క్లచ్ ప్లేటుకు అంటితే ప్లేటు జారుతుంది. ఇంజను అరుస్తుంది, చక్రం తిరగదు. చదును రోడ్డు మీద తెలియదు. ఎత్తెక్కేటప్పుడు తెలుస్తుంది.

దాన్ని బాగుచేయాలంటే గేర్‌బాక్సు దించాలి. రెండు రోజుల పని. అందుకే అది చిన్నదని అనుకోవాలని అందరికీ ఉంటుంది.

సగం నేర్చుకున్న పాఠం

మా పెద్ద సాబు, వర్క్‌షాపు మొత్తానికి అధికారి, చెడ్డవాడు కాదు. బల్ల మీద కాగితం వంకరగా ఉంటే సరిచేసిగానీ మాట్లాడేవాడు కాదు. తను చేరిన మొదటి నెలలో ఒక బస్సు కిందికి వంగి, చాంబరు అంచున తడి చూశాడు.

"ఇదేమిటి?"

"చెమట సాబ్," అన్నారు ఖాజా సాబు. "అయిదేండ్ల సంది గట్లనే ఉంది. ముట్టుకోకుంటె మంచిగ నడుస్తది."

"నా డిపోలో నూనె కారే బండి ఉండకూడదు. విప్పండి."

విప్పారు. అంచు మధ్య వేసే ప్యాకింగు కొత్తది స్టోర్లో లేదు, ఇక్కడే ఒకటి కోసి వేశారు. అది సరిగ్గా కూర్చోలేదు. సాబు చూస్తున్నాడని మెకానిక్ ఇంకాస్త బిగించాడు. పాత ఇంజను, బోల్టుల మరలు పోయాయి. అప్పటిదాకా చెమటగా ఉన్నది ధారైంది. ఆ బండి రెండు నెలలు గుంత మీదే ఉంది. ఆ రూటులో ప్రసూతి ఆసుపత్రికి వెళ్లే ఆడవాళ్లు కడుపులు పట్టుకుని స్టాపులో నిలబడడం నేనే చూశాను.

చిన్న కారుడును వదిలేయాలి, చేయి పెడితే పెద్దదవుతుంది. ఇదీ నేను ఆ రోజు నేర్చుకున్నది. పాఠం తప్పు కాదు, నేను దాన్ని సగమే పట్టుకున్నాను. ఆ నూనె ఎక్కడ నుంచి కారుతోందో ఖాజా సాబుకు తెలుసు, అందుకే వదిలేయమన్నారు. నాకు 'చిన్న' అన్న మాట ఒక్కటే మిగిలింది.

నా ఫారం

నేను చేరింది దఫ్తరంతా ఉర్దూ నుంచి ఇంగ్లీషులోకి మారుతున్న రోజుల్లో. నాకు ముందు ఆ కిటికీలో ఒక ముసలి మున్షీ ఉండేవాడట. డ్రైవరు ఏం చెబితే అది, తిట్లతో సహా, ఉర్దూలో బారెడు రాసేవాడు. ఒక్కో ఫిర్యాదు సగం పేజీ. ఆ రిజిస్టర్లు చూసి నేను నవ్వుకునేదాన్ని.

పెద్ద సాబు ఐదు నిమిషాల్లో అన్ని బండ్ల సంగతీ తెలియాలన్నాడు. నేను ఒక ఫారం గీశాను. బండి నంబరు, ఏ భాగం, పెద్దదా చిన్నదా, డ్రైవరు వేలిముద్ర. నాలుగు గళ్లు. నూనె కారితే 'ఆయిల్ లీక్, మైనర్'. అయిపోయింది. సాబు దాన్ని అచ్చు వేయించాడు. అందరి ముందూ, "చదువుకున్న అమ్మాయి ఉంటే ఇలా ఉంటుంది," అన్నాడు. ఆ రోజు ఇంటికి ఎలా వచ్చానో కూడా గుర్తులేదు, అంత గర్వం.

ఖాజా సాబు ఫారాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "మస్తుంది బేటీ. గని ఇందుల డ్రైవర్ యాడున్నడు?"

"ఇదిగో సాబ్, వేలిముద్ర."

"ఏలు కనవడ్తుంది. మాట కనవడ్తలేదు."

నేను నవ్వేశాను. ఫారాలు వచ్చిన నెలకే సాబు అట్టలన్నీ తీయించేశాడు. అన్నీ రాతలో ఉండగా ఈ చెత్తెందుకని. వాటిని బాయిలరులో వేస్తుంటే ఖాజా సాబు చేతులు తుడుచుకుంటూ నిలబడ్డారు. ఆ చెత్త నాకూ నచ్చేది కాదు. ఇది కూడా రాయాలి.

యాదగిరి

జల్‌పల్లి వైపు రూటు యాదగిరిది. ఆ ఊరివాడే. నలభై దాటినవాడు, మెల్లగా మాట్లాడతాడు, మాట మొదలుపెట్టడానికి ముందు రెండుసార్లు గొంతు సవరించుకుంటాడు. అతని కండక్టరు నర్సింహులు పెళ్లై ఏడాది నిండని కుర్రాడు, ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు. "మా యాదగిరన్న నోరు తెరిచేలోపు నేను చార్మినార్ పోయి చాయ్ తాగొస్త," అని కిటికీ దగ్గర ఆటపట్టించేవాడు.

ఆ నెలంతా ఖాజా సాబు కూతురి పెళ్లికి సెలవులో ఉన్నారు. సాయంత్రం కిటికీ దగ్గర వరస పొడుగ్గా ఉంది. యాదగిరి వచ్చి గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, నూనె కారుతుంది."

"నీ బండి ఎప్పుడూ కారేదే కదా, యాదగిరన్నా."

"మునుపటి లెక్క గాదు. ఎనుకకెళ్లి కారుతుంది. గేర్ దిక్కున."

వెనక నిలబడ్డవాళ్లు, "జల్ది భాయ్, ఇంటికి పోవద్దా?" అని గొణుగుతున్నారు. నాకూ ఇంటికి వెళ్లాలని ఉంది. కడుపుతో మూడో నెల, నూనె వాసన పడడం లేదు.

"ఎక్కువా, తక్కువా?"

"సుక్క సుక్కనే."

"అయితే చిన్నదే కదా?"

"చిన్నదే గని అమ్మా..."

నేను అప్పటికే 'మైనర్' అని రాసేశాను. ఫారం అతని వైపు తిప్పి సిరా మెత్త ముందుకు జరిపాను. అతను ఒక క్షణం దాన్ని చూసి, వేలు అద్ది, వెళ్లిపోయాడు. వెనకవాడు ముందుకొచ్చాడు.

మర్నాడు ఖాజా సాబు స్థానంలో ఉన్నవాడు నా ఫారం చూశాడు. మైనర్. బండిని పంపించాడు. అతన్ని నేను తప్పుపట్టను. అందులో 'వెనక నుంచి' అన్న మాట లేదు.

జల్‌పల్లి దాటాక, డ్రైవర్లు చడావు అనే ఎత్తు మీద క్లచ్ జారింది. ఇంజను అరిచింది, బండి ముందుకు కదలలేదు. నిండా జనం. బ్రేకు తొక్కినా ఆ బరువుకు బండి మెల్లగా వెనక్కి జారసాగింది. అలాంటప్పుడు కండక్టర్లు చేసే పనే నర్సింహులు చేశాడు. చెక్క దిమ్మె పట్టుకుని దూకి, వెనక చక్రం కింద పెట్టబోయాడు. చక్రం దిమ్మె ఎక్కింది, అతని కాలు ఎక్కింది, అక్కడ ఆగింది. బస్సులో ఎవరికీ గీత కూడా పడలేదు. నర్సింహులుకు కుడికాలు మోకాలి కింద నుంచి తీసేశారు.

విచారణ

మూడు కుర్చీలు, ఒక బల్ల. బల్ల మీద నా ఫారం.

"ఇది మీ రాతేనా?"

"అవునండీ."

"మైనర్ అని డ్రైవరు చెబితేనే రాశారా?"

"అవునండీ."

గోడ దగ్గర నిలబడ్డ యాదగిరి గొంతు సవరించుకున్నాడు. "చిన్నదే అన్న సాబ్. గని ఎనుకకెళ్లి కారుతుందని గూడ చెప్పిన. అమ్మనే అడుగుండ్రి."

అతను నా వైపు చూశాడు. ఆ చూపులో నింద లేదు. చదువుకున్న మనిషి ఉంది, చెబుతుంది అన్న ధీమా ఉంది.

"చెప్పాడా?" అని సాబు అడిగాడు.

"గుర్తులేదండీ. రోజూ చాలామంది చెబుతారు," అన్నాను.

గుర్తుంది. ఆ గొంతు సవరింపుతో సహా గుర్తుంది. వర్క్‌షాపులో నేనొక్కదాన్నే ఆడదాన్ని, ఇన్నేళ్లకీ పని ఇంకా ఖాయం కాలేదు, కడుపులో పిల్ల, ఇంట్లో అత్తగారు నేను ఎప్పుడు మానేస్తానా అని ఎదురుచూస్తున్నారు. ఇవన్నీ నిజమే. వీటిలో ఏ ఒక్కటీ యాదగిరి పెట్టిన కష్టం కాదు. లోపాన్ని సరిగ్గా తెలియజేయలేదని అతన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ తీర్పుకు సాఫు ప్రతి టైపు చేసింది కూడా నేనే.

ఖాజా సాబు పెళ్లి నుంచి తిరిగొచ్చి, ముందు బండి కిందికి దూరారు. క్లచ్ డబ్బా రంధ్రం చుట్టూ నల్లటి జిడ్డు చూసి బయటికొచ్చి, నా కిటికీ దగ్గర నిలబడ్డారు.

"యాదికి లేదా బేటీ?"

నేను ముందున్న ఫారాలు సర్దాను.

"రాసెటందుకు మీరున్నరని మేం యాది పెట్టుకునుడు బంద్ చేసినం," అన్నారు. కోపంగా కాదు. ఆ తర్వాత నేను మానేసేదాకా నన్ను బేటీ అని పిలవలేదు. పరాయి ఆడవాళ్లను పిలిచినట్టు 'బాయి సాబ్' అన్నారు.

ఇంట్లో

ఉద్యోగం మానేస్తే తీరుతుందనుకున్నాను. పాపకు ఇప్పుడు ఎనిమిదో నెల. కాస్త దగ్గినా నేను నిద్రపోను. దగ్గు గొంతులోంచా, ఛాతీలోంచా, ఎప్పటినుంచి, పడుకుంటే ఎక్కువా, ఎత్తుకుంటే ఎక్కువా అని వెతుకుతాను. "చిన్న దగ్గుకే గింత లొల్లి చేస్తవేంది? మేం కనలేదా, పెంచలేదా?" అంటారు అత్తగారు. ఆమె మంచికే అంటారు. చిన్న అన్న మాట వినగానే మళ్లీ పాప ఛాతీకి చెవి ఆనిస్తాను. పాప చెప్పలేదు కదా, ఎక్కణ్ణించో.

జల్‌పల్లి

సుగుణ వచ్చి వెళ్లిన మూడో రోజు పాపను ఎత్తుకుని ఆ రూటు బస్సెక్కాను. యాదగిరి ఇల్లు అడిగి తెలుసుకున్నాను. అతని భార్య లచ్చమ్మ గుమ్మంలోనే నన్ను గుర్తుపట్టింది.

"అప్పుడు యాదికి లేదంటివట? ఇప్పుడు తోవ యాదికొచ్చిందా?"

పాప ఎండకు ఏడుపు మొదలుపెట్టింది. లచ్చమ్మ కాసేపు చూసి, "పిల్లేం చేసింది పాపం, ఇటియ్యి," అని తీసుకుని లోపలికి పోయింది.

యాదగిరి బయటికొచ్చాడు. చిక్కిపోయాడు. ఇప్పుడు రాళ్ల లారీ తోలుతున్నాడట. "దాని బ్రేకులు దాని మనసుకొస్తె పడ్తయమ్మా," అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

నేను అనవలసింది అన్నాను. అతను నేల చూస్తూ విన్నాడు. పరవాలేదనలేదు. పరవా ఉంది కనుక అనలేదు.

"కాగితం రాస్త, సాబుకు ఇప్పిస్త," అన్నాను. "నీ నౌకరీ మళ్ల వస్తదో రాదో తెల్వదు."

"నౌకరీ గాదమ్మా," అన్నాడు. "నర్సిమ్లు నాతోని మాట్లాడ్తలేడు. దవాఖానకు పోతె మొఖం తిప్పుకున్నడు. బండి ఖరాబున్నదని తెలిసి నేను నోరు తెరవలేదనుకుంటుండు. గాయనకు తెల్వాలె. గంతే."

అప్పుడు, నేను వచ్చిన అసలు పని అడిగాను. "ఆ రోజు 'చిన్నదే గని అమ్మా' అన్నవు. ఆ తర్వాత ఏం చెప్పబోయినవు?"

రెండుసార్లు గొంతు సవరించుకుని చెప్పాడు. ఈసారి అతను ఆపేదాకా విన్నాను. నిమిషం కూడా పట్టలేదు.

సుగుణకు

సోమవారం నువ్వు ఆ కిటికీలో కూర్చుంటావు. నా ఫారమే ఇస్తారు. నాలుగు గళ్లు. దాని వెనకవైపు ఖాళీగా ఉంటుంది. అక్కడ రాయి. ఎక్కణ్ణించి అని అడుగు, ఎప్పటినుంచి అని అడుగు. వెనకవాళ్లు గొణిగితే గొణగనీ. బాగుచేయాలా వద్దా అన్నది నీ పని కాదు, ఫోర్మన్ పని. ఆయన నిర్ణయించడానికి కావలసిన మాటను నువ్వు మింగేయకూడదు, అంతే నీ పని. అట్టలు మళ్లీ పరవమని ఖాజా సాబును అడుగు. నేను అడగమన్నానని చెప్పకు.

సాబు నిన్ను మెచ్చుకునే రోజు వస్తుంది. ఆ రోజు కాస్త భయపడు.

దీంతోపాటు రెండు కాగితాలు విడిగా మడిచి పెట్టాను. రెంటిలోనూ ఒకటే రాత, కింద నా సంతకం. నాకు గుర్తులేదని విచారణలో చెప్పింది అబద్ధమని కూడా అందులో ఉంది. ఒకటి పెద్ద సాబు చేతికివ్వు. రెండోది నర్సింహులుకు. ఇప్పుడతను గేటు పక్కన పాసులిచ్చే గదిలో కూర్చుంటాడు, కర్రలు గోడకు ఆనించి ఉంటాయి. అతను చదివింది ఉర్దూ బడిలో, తెలుగు చదవడం రాదు. నువ్వే చదివి వినిపించు. 'గని' దగ్గర ఆగకుండా చదువు. యాదగిరి మాటలు ఇవి:

"అమ్మా, నూనె కారుతుంది. మునుపటి లెక్క గాదు. ఎనుకకెళ్లి కారుతుంది, గేర్ దిక్కున. చిన్నదే గని అమ్మా, రెండు దినాల సంది చడావు మీద బండి గుంజుతలేదు. నిన్న ఎనుకకు జారింది. నర్సిమ్లు దిగి చెక్క పెట్టబట్టి నిలవడ్డది. పోరడు నవ్వుకుంట దుంకుతుండు, నాకే గుండె దడదడమంటుంది. రేపు ఒక్క దినం బండిని గుంత మీదికి తీసుకోమని చెప్పుండ్రి."